రెండు స్క్రూలు మిగిలాయి

నేను అమ్మేది అరచేతి పెట్టెల్ని.
పిట్ట కొంచెం కూత ఘనమని చెప్పుకుంటూ
గాజుబల్ల మీద వరసగా కూర్చోబెడతాను.
చప్పుడు చెయ్యవు.
వేలిముద్ర తప్ప మరో మచ్చ అంటదు.

మక్వాలా వచ్చింది నవంబరు వానలో,
తిబిలిసి ట్రాలీబస్సు డిపోలో
ముప్ఫై ఏళ్ళు మోటార్లకు తీగ చుట్టిన మనిషి.
ట్రాలీబస్సులు పోయాయి. ఆ చేతులున్నాయి.
పెట్టెను తిరగేసింది, బోర్లించింది,
గోరుతో అంచంతా తడిమింది.
"దీన్ని విప్పడం ఎలా?"
విప్పకూడదండీ.
"జబ్బు చేస్తే?"
కొత్తది కొనాలి.
"రేపు ర్యామ్ చాలకపోతే?"
కొత్తదే.
తలుపు లేని ఇంటికి తాళం అమ్మేవాణ్ణి చూసినట్టు
నన్ను చూసింది.

ధర పదకొండు వందల లారి, మా నాణెం పేరది.
ఆవిడ రుమాల్లో ఉన్నవి ఆరువందల నలభై.

ఆదివారం నాకు సెలవు.
ఆవిడ వెంట ఎలియావా బజారుకి ఎందుకెళ్ళానో
ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.
కారు తలుపులు, తుప్పు గొట్టాలు, తలుపు బందులు దాటాక
జుంబెర్ కొట్టు.
మూతపడ్డ బ్యాంకు నుంచి వచ్చిన క్యాబినెట్,
పసుపు తిరిగిన తెలుపు,
నుదుటి మీద ఇంకా ఆస్తి నంబరు,
లోపల ఒక చచ్చిన సాలీడు.
సాలీడుకి పది లారి తగ్గించమంది. తగ్గించాడు.
ఆటలు విసుగెత్తిన కుర్రాడెవరో వదిలేసిన ప్రాసెసరు.
రెండు ర్యామ్ ముక్కలు, రెండు కంపెనీలవి,
కొత్త వియ్యంకుల్లా ఒకదాన్నొకటి అనుమానిస్తూ.

పవర్ సప్లై దగ్గర మాత్రం బేరం లేదు.
సీలు తియ్యనిదే కావాలంది.
"తొంభైల్లో కరెంటుకి మా మీద కక్ష.
వచ్చిన ప్రతిసారీ
ఏదో ఒకటి కాల్చి పోయేది."

ఎనిమిదో అంతస్తు. నాణెం వేస్తేగాని కదలని లిఫ్టు.
ఆ నాణేల లెక్క రాసేది ఆవిడే,
కంప్యూటరు అందుకే.
"ఇంకొకటి కూడా ఉందిలే" అంది. నేనడగలేదు.

వంటింటి బల్ల మీద అన్నీ పరిచాం.
నాలుగేళ్ళుగా అమ్ముతున్నాను,
కంప్యూటరు కడుపులోకి చూడ్డం అదే మొదలు.
ఆ సంగతి చెప్పలేదు.
స్క్రూడ్రైవరు పట్టుకున్న తీరే చెప్పేసింది.
ఫోన్లో చదివి, లేపనం కందిగింజంత పెట్టాలన్నాను.
ఆవిడ పెసరగింజంత పెట్టింది.
సరిపోయింది.

బటన్ నొక్కింది.
ఏమీ లేదు.
మా షాపు పెట్టెలంత నిశ్శబ్దం.

తిట్టలేదు, నిట్టూర్చలేదు.
ఒక్కో తీగ మీదా వేలు నడిపించింది,
పాత రూటులో
స్టాపు స్టాపుకీ ఆగే బండిలా.
ఓ మూల నాలుగు కాళ్ళ తీగ
బొట్టు పెట్టి పిలవని పేరంటాలిలా వేలాడుతోంది.
దాన్ని దాని చోటికి పంపింది.

ఫ్యాను తిరిగింది,
జలుబు చేసినవాడి గురకలా.
తెర మీద వెలుగు.
మక్వాలా చెయ్యి తీసుకెళ్ళి క్యాబినెట్ మీద ఉంచింది,
వేడి చూస్తోందో, ఇంకేమన్నానో.

అందంగా లేదు. బల్ల కింద పట్టదు.
అతుకుల బొంత.
అక్రోటు జాడీల పక్కన, కిటికీలో చోటిచ్చింది.
తర్వాత బీరువాలోంచి కాగితాల చుట్ట తీసింది.
ట్రాలీబస్సు వైరింగు, గుర్తున్నంతవరకు,
పెన్సిలుతో.
"ఇవి గీసిపెట్టాలి దీన్లో.
ఎవరికని అడక్కు."

నూనెగుడ్డ మీద రెండు స్క్రూలు మిగిలాయి.
అన్నీ బిగించి చూశాం, ఎక్కడివో తెలీలేదు.
"ఎప్పుడూ మిగులుతాయి" అని
ఒకటి నా జేబులో పడేసింది.

సోమవారం షాపులో ఒకాయన ధర అడిగాడు, చెప్పాను.
ఆయన వెళ్ళాక
పెట్టెను బోర్లించి గోరుతో అంచంతా తడిమాను.
రబ్బరు పాదం ఒకటి కాస్త లేచింది.
కింద స్క్రూ.
మిగతా మూడు పాదాల కిందా ఒక్కోటి.

మక్వాలాకి ఫోన్ చెయ్యాలి.